చావింటి వాళ్ళతో వడ్డన చేయించకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

దినాల పేరుతో జరుగుతున్న ఆడంబరం మీద ఈమధ్య మీ జిల్లా పేజీలో రాశారు. ఫ్లెక్సీలు, వందలమందికి భోజనాలు, డ్రోన్ కెమెరాలు, యూట్యూబు లైవులు అన్నీ చెప్పారు. ఉన్నమాటే. కానీ చివర్లో జనానికి గొప్పలు ఎక్కువయ్యాయని తేల్చేశారు చూడండి, అక్కడే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. గొప్ప కోసం చేసేవాళ్ళు లేరని కాదు. నాయకుడు వస్తున్నాడని దినానికి స్వాగత ఆర్చీ కట్టించిన ఇంటికి కూడా నేను సామాన్లు తోలాను. కాకపోతే అట్లాంటివాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళంతా నలుగురి నోటికి భయపడి, ఆ రోజు తల పనిచేయక, ఎవరో ఒకరు చెప్పింది చేసుకుంటూ పోతారు.

ప్రొద్దుటూరులో నాకు సప్లయర్స్ అంగడి ఉంది. మా నాయన పెట్టింది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, లైటింగు, జనరేటరు, వీటితోపాటు శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సులు కూడా బాడుగకు ఇస్తాను. పెళ్ళికి పోయే కుర్చీలే చావుకూ పోతాయి, పైన గుడ్డ ఒక్కటే మారుతుంది. కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఈ ఉత్తరంలో నేను రాసేది జనం నిజంగా పాటిస్తే ముందుగా తగ్గేది నా గల్లాపెట్టే. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికే ఆ మాట అన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇదివరకు ఊరు చావింటికి అన్నం పెట్టేది. ఇప్పుడు చావిల్లే ఊరికి అన్నం పెడుతోంది. ఇది ఎట్లా తిరగబడిందో నేను దగ్గరుండి చూశాను గనుక రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మనిషి పోయిన ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్ళు కాదు. శవం లేచేదాకా ఆ వరుసలో మిగతా ఇళ్ళలోనూ పొయ్యి వెలిగేది కాదు. మట్టి చేసి, పెన్నలో నీళ్ళుంటే పెన్నలో, లేకుంటే బావి దగ్గర స్నానాలు చేసి వచ్చేసరికి గంపలో సంగటి, పప్పు, చారు సిద్ధంగా ఉండేవి. పాలోళ్ళకు, అంటే దాయాదులకు, మైల కాబట్టి వాళ్ళు వండకూడదు. వియ్యంకులో, పక్కవీధిలో వేరే ఇంటిపేరు వాళ్ళో తెచ్చేవాళ్ళు. తెచ్చినవాళ్ళే కూర్చోబెట్టి, బతిమాలి తినిపించేవాళ్ళు. "రెండు ముద్దలు తిను, మళ్ళా ఏడుద్దువులే" అనడం నేను చాలాసార్లు విన్నాను. మా అమ్మ చెప్పిన లెక్క ప్రకారం మూడో దినం పాలు పోసేదాకా ఆ ఇంటి బాధ్యత ఇతరులదే.

ఆ కాలమంతా బంగారమని నేననను. గుంత తవ్వినవాళ్ళకు, తప్పెట కొట్టినవాళ్ళకు కూలి అడిగే నోరు ఉండేది కాదు. పెట్టింది తిని, పోసింది తాగి పోవాల్సిందే. ఊరి శ్మశానం ఒకచోట, ఎస్సీ కాలనీ శ్మశానం ఇంకోచోట, రెండోదానికి సరైన దారి కూడా ఉండేది కాదు. చాలా పల్లెల్లో ఇప్పటికీ అట్లాగే ఉంది. ఇప్పుడు తప్పెటల బృందం రేటు చెప్పి, అడ్వాన్సు తీసుకుని వస్తోంది. శుభం. ఆ మార్పు ఇంకా ముందే రావాల్సింది. గుంత తవ్వడానికి జేసీబీ వస్తోంది, దానికీ గంటల లెక్కన బాడుగ. ఇంతవరకూ నాకేం పేచీ లేదు.

తిరగబడింది ఎక్కడంటే ఫ్రీజర్ బాక్సు దగ్గర. అది రాకముందు పొద్దున పోతే సాయంత్రానికి, రాత్రి పోతే మర్నాడు మధ్యాహ్నానికి ఎత్తేవాళ్ళు. మన కడప ఎండలకు అంతకుమించి ఆగదు. అందినవాళ్ళు వచ్చేవాళ్ళు, అందనివాళ్ళు మూడో దినానికో పెద్ద దినానికో వచ్చి ఏడ్చి పోయేవాళ్ళు. ఇప్పుడు కొడుకు బెంగళూరు నుంచి రావాలి, అల్లుడు హైదరాబాదు నుంచి రావాలి, మనవడు అమెరికాలో ఫ్లైటు ఎక్కాలి. ఒక పూట కాస్తా రెండు రోజులైంది, ఒక్కోసారి మూడు. కన్నబిడ్డ కడసారి ముఖం చూసుకోవడం చిన్న విషయం కాదు, అందుకే ఆ బాక్సును నేను తప్పు పట్టను. కానీ ఆ రెండు రోజులు ఇంటినిండా మనుషులుంటారు. వాళ్ళకు టీ కావాలి, టిఫిను కావాలి, పడుకోవడానికి చాపలు కావాలి. అవన్నీ ఎవరు చూడాలి? పోయిన మనిషి పెళ్ళామో, కొడుకో, కూతురో.

ఆ బాక్సు సంగతి కూడా కాస్త చెప్పనివ్వండి, మళ్ళీ ఇట్లాంటి అవకాశం రాదు. అదొక పెద్ద ఫ్రిజ్జు, కింద కంప్రెసరు, పైన అద్దం మూత. మామూలు చిన్న ప్లగ్గుకు పెడితే లోడు ఆగదు, పెద్ద పిన్ను ప్లగ్గు కావాలి. పాత ఇళ్ళలో అది గ్రైండరు దగ్గరో, బాత్రూములో గీజరు దగ్గరో ఉంటుంది. అక్కడినుంచి హాల్లోకి వైరు లాగుతాం, అందరూ దాన్ని తొక్కుకుంటూ తిరుగుతారు. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టరు దీన్ని మోయలేదు, జనరేటరు పెట్టుకోవాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, మూత తీయకూడదు. దూరం నుంచి వచ్చిన ప్రతి చుట్టం మూత తీయించి, మీదపడి ఏడుస్తాడు. వద్దనడానికి ఎవరికి నోరు వస్తుంది? మూత తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది, అద్దం మీద చెమ్మ పట్టి లోపలి ముఖం కనపడదు. మా కుర్రోడిని ఒక గుడ్డ ఇచ్చి పక్కనే నిలబెడతాను, పదేపదే తుడుస్తూ ఉంటాడు. రెండు రోజులు దాటి ఉంచాలనుకుంటే బాక్సును నమ్ముకోకండి, ముందే ఆసుపత్రిలో అడిగి శవానికి పాడవకుండా మందు ఎక్కించమనండి. ఇది నా వ్యాపారానికి వ్యతిరేకమైన సలహానే, అయినా ఆ తర్వాత జరిగేది చూడలేక చెబుతున్నా.

ఇంకో మాట. కళ్ళు దానం చేయాలని పోయినాయన అనుకుని ఉంటే, బాక్సుకు ఫోన్ చేసేముందు నేత్రనిధికి (ఐ బ్యాంకుకు) చేయండి. చనిపోయిన 6 గంటల లోపే తీసుకోవాలి. కళ్ళు మూసి, రెప్పల మీద తడిదూది పెట్టి, ఫ్యాను ఆపి ఉంచండి. వాళ్ళే ఇంటికి వచ్చి కొద్దిసేపట్లో పని ముగించుకుని పోతారు, ముఖం ఏమీ మారదు. అద్దాలు పెట్టుకున్నవాళ్ళవీ, శుక్లాల ఆపరేషను అయినవాళ్ళవీ కూడా పనికొస్తాయి. ఈ మాట నేను ఫోన్లోనే చెబుతాను. కొందరు వింటారు, కొందరు తిడతారు.

మన జిల్లా సంగతి ఇంకొంచెం వేరు. కువైట్లో పనిచేసే ఆడవాళ్ళు మన వైపు ఎంతమందో మీకు తెలుసు. తల్లి ఇక్కడ పోతే కూతురు అక్కడ ఎవరింట్లోనో వంటపనిలో ఉంటుంది. కఫీలు, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు ఇవ్వాలి, సెలవు ఇవ్వాలి, టికెట్టు కొనాలి. అది అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు, ఇక్కడివాళ్ళకూ తెలుసు. అప్పుడు ఒక పిల్లోడు వీడియోకాల్ పెట్టి ఫోనును అద్దం మీద పట్టుకుంటాడు. "ముఖం దగ్గర పెట్టు, నాయనా, ఇంకా దగ్గర" అని లోపలినుంచి ఆ గొంతు వస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం టీ కప్పులు కింద పెడతారు. యూట్యూబు లైవు ఆడంబరమని మీరు రాశారే, కువైట్లో ఉన్న బిడ్డకు అదొక్కటే దిక్కు. దాన్ని మాత్రం మీ లిస్టులోంచి తీసేయండి.

ఇక తిండి సంగతి. నాకు అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. "అన్నా, బాక్సు కావాల. అట్నే పొద్దున్నే రెండు వందల మందికి ఉగ్గాని ఎవరు చేస్తారో చెప్పు." మాట్లాడేది కొడుకే. తండ్రి పోయి గంట కూడా అయ్యుండదు, ప్లేట్ల లెక్క చెబుతుంటాడు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం చిత్రాన్నం, పెరుగన్నం, మట్టి చేసి వచ్చాక భోజనం, మధ్యలో టీ క్యాన్లు. మూడో దినానికి దగ్గరివాళ్ళు, పెద్ద దినానికి ఊరంతా. పొట్టేళ్ళు కొట్టే కులాల్లో పొట్టేళ్ళు, కొట్టనివాళ్ళలో రెండు రకాల స్వీట్లు. ఒకాయన దినానికి ఐస్‌క్రీం స్టాలు పెట్టమన్నాడు. నేను పెట్టను పొమ్మన్నాను, పక్క వీధిలో ఇంకొకడు పెట్టాడు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? నగలు కుదవబెడతారు, పొదుపు సంఘంలో అప్పు తీస్తారు, మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. ఆసుపత్రి ఖర్చుతో ఇల్లు అప్పటికే వట్టిపోయి ఉంటుంది. అన్నదమ్ములు ఖర్చు పంచుకునే దగ్గర గొడవలు మొదలవుతాయి. నా బిల్లు ముందు పెట్టుకుని "బొరుగులకు ఇంతా? టెంటుకు ఇంతా?" అని నన్ను సాక్షిగా నిలబెట్టి అరుచుకున్న ఇళ్ళున్నాయి. అసలు కోపం బిల్లు మీద కాదని నాకు తెలుసు. తండ్రి మంచంలో ఉన్నప్పుడు ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నదే ఆ కోపం.

బాకీ వసూలుకు నేను రెండు మూడు వారాలు ఆగి పోతాను. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది. వాకిట్లో ఒక్క చెప్పుల జత ఉండదు. ఆ రోజు నిలబడటానికి చోటు లేని ఇంట్లో ఒక్కామె గోడకానుకుని కూర్చుని ఉంటుంది. "కూర్చో నాయనా" అంటుంది. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి నా ముందు పెడుతుంది. ఆధార్ కార్డులు, పాసుబుక్కులు, ఎల్ఐసీ కాగితం, ఆసుపత్రి చీటీలు. "ఇవేందో కొంచెం చూసి చెప్పు." కుర్చీల బాడుగ అడగడానికి పోయిన నన్నే అడగాలా? ఉగ్గాని తిన్న రెండు వందల మందిలో ఈ కవరు విప్పి చూసినవాడు ఒక్కడూ లేడన్నమాట.

ఇది పరాయి ఇళ్ళలో చూసిందే కాదు. మా పెద్దక్కను మైదుకూరు దగ్గర పల్లెకు ఇచ్చాం. బావ యాభై నాలుగేళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఆ రోజు నేను సామాన్లు తోలినోడిని కాదు, ఇంటి మనిషిని. అందరూ మంచివాళ్ళే, సాయం చేద్దామనే వచ్చారు. కానీ ఎవరికి ఏం కావాల్సివచ్చినా మా అక్క దగ్గరికే పోయేవాళ్ళు. "అక్కా, చక్కెర డబ్బా యాడుంది?" "ఏమ్మే, బీరువా తాళాలు యాడ పెట్టినావు?" "వదినా, పెద్ద గిన్నె ఎవరికన్నా ఇచ్చినావా?" బావ తల దగ్గర కూర్చున్న మనిషి లేచి లేచి వంటింట్లోకి పోయి వచ్చింది. నా చెల్లెలు చివరికి ఆ తాళాలు తన కొంగుకు కట్టుకుని "ఏం కావాలన్నా నన్నడగండి" అని గడప దగ్గర నిలబడింది. ఆ రోజంతా మా ఇంట్లో జరిగిన పనుల్లో నా లెక్కలో అదే పెద్ద పని.

కాగితాల దగ్గరా అంతే. మా అక్కకు సంతకం పెట్టడం వచ్చు గానీ బ్యాంకు ముఖం తెలియదు. వీధిలో ఉండే ఒక టీచరమ్మ పాసుబుక్కు తెరిచి చూసి, మే నెలాఖరులో 436 రూపాయలు పోయినట్టు పట్టుకుంది. అది జీవనజ్యోతి బీమా ప్రీమియం. బావ ఖాతా తెరిచినప్పుడు ఎవరో టిక్కు పెట్టించి ఉంటారు, ఆయనకూ గుర్తు లేదు, మాకూ తెలియదు. ఎట్లా పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. వచ్చాయి. ఆ టీచరమ్మ దినానికి భోజనం కూడా చేయలేదు, ఏదో పనుందని పోయింది.

మీ పత్రికలో కాస్త చోటు దొరికింది గనుక నాకు తెలిసినవి రాసేస్తాను. చావును 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్ళే తెలియజేస్తారు. ఇంట్లో పోతే ఆ బాధ్యత ఇంటి పెద్దది. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, టౌన్లో మున్సిపాలిటీకి చెప్పాలి. 21 దాటితే ఫీజు, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారం ఉన్నవాళ్ళ ఆర్డరు. పెద్ద దినం పదకొండో రోజుకు చేసే ఇళ్ళలో కూడా, ఆ హడావుడి అయ్యి చుట్టాలు కదిలేసరికి రెండు వారాలు గడిచిపోతాయి, ఆ మిగిలిన వారంలో ఎవరికీ ఇది గుర్తుకు రాదు. డెత్ సర్టిఫికెట్లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. "వెంకట సుబ్బయ్య"ను "వెంకటసుబ్బారెడ్డి" అని రాసిచ్చిన సర్టిఫికెట్టు పట్టుకుని ఏడాదిపాటు తిరిగినవాళ్ళను చూశాను. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టుకు గ్రామ, వార్డు సచివాలయంలో అర్జీ పెట్టుకోవాలి. బీమాకు, బ్యాంకుకు, పొలం మ్యుటేషనుకు (పేరు మార్పుకు) ఒరిజినల్సు ఎక్కడా వదిలిపెట్టకండి, జిరాక్సులే ఇవ్వండి. పాసుబుక్కులో 20 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రమాద బీమా, యాక్సిడెంటులో పోయినవాళ్ళకు వర్తిస్తుంది, ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు దాచిపెట్టుకోండి. భర్త ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకుంటూ పోయి ఉంటే అది భార్యకు మారే వీలుంది, సచివాలయంలో అడగండి. కువైట్, సౌదీలకు పోయేవాళ్ళు పోయేముందే ప్రవాసీ భారతీయ బీమా కాగితం ఒక జిరాక్సు ఇంట్లో ఇచ్చిపోండి, అందులో 10 లక్షల ప్రమాద బీమా ఉంది. అక్కడ ఏదన్నా జరిగితే శవాన్ని తెప్పించుకోవడానికి మన ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది, ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందు దాని గురించి అడగండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే బండి గురించీ ఒక మాట. 2022లో తిరుపతి నుంచి చిట్వేలు వైపు ఒక తండ్రి పదేళ్ళ కొడుకు శవాన్ని బైకు మీద తెచ్చుకున్న సంగతి మీరే పెద్దక్షరాల్లో వేశారు. తొంభై కిలోమీటర్లు. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం బండ్లు ఉన్నాయని ఆ సమయానికి ఎంతమందికి గుర్తుంటుంది? వార్డు గోడ మీద పెద్దగా రాసిపెట్టాలి. గేటు దగ్గర ప్రైవేటు అంబులెన్సుల నంబర్లు మాత్రం బాగానే కనపడతాయి.

నేను అన్ని మతాల ఇళ్ళకూ పోతాను. సాయిబుల ఇంట్లో చావైతే నాకు పెద్ద బేరం ఉండదు. ఎక్కువగా అదే రోజు ఎత్తేస్తారు. జనాజా మంచం మసీదులోనే ఉంటుంది, స్నానం చేయించడం తెలిసినవాళ్ళు మొహల్లాలోనే ఉంటారు. మూడు రోజులు చుట్టుపక్కల ఇళ్ళ నుంచి గిన్నెలు వస్తూనే ఉంటాయి. కాకపోతే నలభయ్యో రోజు చహ్లుంకు వాళ్ళలోనూ ఇప్పుడు బిర్యానీ దేగిశాలు ఎక్కువయ్యాయి, ఆ బాకీలూ నా పుస్తకంలో ఉన్నాయి. చర్చికి పోయేవాళ్ళలో భూస్థాపన అయ్యాక ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, పోయిన మనిషి గురించి నలుగురు మాట్లాడటం. సంఘంలో ఆడవాళ్ళు వారాల తరబడి ఆ ఇంటికి వచ్చిపోతుంటారు. మన ఇళ్ళలోనూ ఆ పద్ధతి ఉండేది. దినాల్లో సాయంత్రంపూట గరుడ పురాణమో, భారతమో చదివించేవాళ్ళు, తత్వాలు పాడేవాళ్ళు. పది మంది కూర్చునేవాళ్ళు, ఆ ఇంటివాళ్ళు ఒక మూల వింటూ ఉండేవాళ్ళు. ఇప్పుడు అది మైకులో పెన్‌డ్రైవు అయిపోయింది. ఆ స్పీకరు కూడా నాదే.

మీరు రాయని విషయం ఇంకొకటుంది. పదకొండో దినం పొద్దున ఆడవాళ్ళంతా చేరి ఆమె గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం. తండ్రికి పిండం పెట్టడం ఆన్‌లైన్లో బుక్ చేసుకునే కాలంలో ఇది మాత్రం అంగుళం కదలదు. మా అక్క విషయంలో అనంతపురంలో నర్సింగు చదివే మా మేనకోడలు అడ్డం పడింది. "పెద్దమ్మా, అమ్మ బొట్టు జోలికి ఎవరూ రావొద్దు. తీయాలనుకుంటే అమ్మే తీసుకుంటుంది" అంది. ఇద్దరు పెద్దవాళ్ళు అలిగి తినకుండానే పోయారు. రెండు ఇస్తళ్ళు మిగిలాయి, ఇంకేం నష్టం జరగలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే పల్లె 2022లో ఈ ఆచారాలు వద్దని గ్రామపంచాయతీలో తీర్మానం చేసింది. ఆ తర్వాత ఆ రాష్ట్ర సర్కారు మిగతా పంచాయతీలనూ అదే బాటలో నడవమని చెప్పింది. మన పంచాయతీల్లో గ్రామసభలు జరుగుతాయి గదా, ఒక్క సర్పంచయినా ఈ మాట ఎత్తితే మీరు ఫోటోతో వేయండి, అది వార్త.

శ్మశానాల గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. నీళ్ళ కొళాయి, నీడకు ఒక రేకుల షెడ్డు. ఇప్పుడు కూతుళ్ళు కూడా శ్మశానం దాకా వస్తున్నారు, కొరివి పెడుతున్నారు. వాళ్ళకు స్నానానికి నాలుగు గోడలు ఎక్కడున్నాయి? పక్క పొలం మోటారు దగ్గర చీరలు అడ్డం పట్టుకుని నిలబడుతున్నారు. రంగురంగుల ఆర్చీ గేట్లు కట్టించి పేర్లు వేయించుకునే దాతలు ముందు ఆ గోడలు కట్టిస్తే బాగుంటుంది.

దూరం నుంచి వచ్చినవాళ్ళను ఆకలితో పంపాలా అని నన్నడుగుతారు. పంపొద్దు. ఎండలో వంద కిలోమీటర్లు బస్సులో వచ్చిన ముసలాయనకు ఇంత అన్నం పెట్టాల్సిందే. కానీ అది పక్కింటి వాకిట్లో పెట్టండి, పక్కింటివాళ్ళు వడ్డించండి, ఖర్చు పదిమంది తలా ఇంత వేసుకోండి. పెళ్ళికి చదివింపులు రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళమే గదా, చావుకు రాయడానికి ఏం అడ్డం? బట్టలు పెట్టే ఆచారం ఉన్న ఇళ్ళలో నాలుగు చీరలు, మూడు పంచెలు తెచ్చి పెడతారు. వాటిలో కట్టుకునేవి ఎన్నో మా అక్క బీరువా చూస్తే తెలుస్తుంది. ఆ డబ్బు చేతికివ్వండి.

నా అంగట్లో నేను చేయగలిగింది మొదలుపెట్టాను. చావుకు సామాన్లు కావాలని ఎవరన్నా ఫోన్ చేస్తే ఇంటివాళ్ళతో లెక్క మాట్లాడను. "ఇంటి మనిషి కాని ఒకరిని పంపండి, ఆయనతోనే అన్నీ మాట్లాడతా" అంటాను. మొదట్లో కొందరికి ఇది తలబిరుసుగా అనిపించింది. ఇప్పుడు ఎవరో ఒక మేనమామో, స్నేహితుడో వస్తాడు. తిండి ఆర్డరు సగానికి సగం తగ్గడం నేనే చూస్తున్నాను, ఎందుకంటే బయటివాడికి మాట పడతామన్న భయం తక్కువ. దింపిన సామాన్లతో పాటు ఒక జిరాక్సు కాగితం కూడా ఇస్తున్నాను. పైన రాసిన 21 రోజులు, 436 రూపాయలు, పేరు తేడా, అన్నీ అందులో ఉన్నాయి. మా టీచరమ్మ రాసిచ్చింది.

మిమ్మల్ని కోరేది రెండు సంగతులు. ఆ కాగితం ఈ ఉత్తరంతో జతచేశాను. సంబంధించిన ఆఫీసుల్లో సరిచూసుకుని, మీ జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనలు వేసే చోట, వాటి కిందనే నెలకొకసారైనా వేయండి. చావింటివాళ్ళు ఆ పేజీ తప్పకుండా చూస్తారు, తమవాళ్ళ ఫోటో పడిందో లేదోనని. రెండోది, దినం ప్రకటనలో "భోజనాలు లేవు, వచ్చి కాసేపు కూర్చుని పోగలరు" అని వేయించుకునే కుటుంబాలకు రేటులో కొంత తగ్గించండి. మొదట ఒకరిద్దరే వస్తారు. వాళ్ళకు షామియానా నేను సగం బాడుగకే వేస్తానని కూడా రాసుకోండి.

ఇట్లు,
ఒక సప్లయర్స్ అంగడి యజమాని,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.
(పేరు వేయవద్దని మనవి. బాకీలు ఇంకా వసూలు కావాల్సి ఉంది.)